విశాఖకు ఎవరూ ఊరికే ఏదీ ఇవ్వలేదు

విశాఖపట్నం గురించి ఈమధ్య ఒక వాదన బాగా చెలామణీలో ఉంది. సభల్లో వక్తలు చెబుతారు, టీవీ చర్చల్లో నిపుణులు చెబుతారు, బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచే పెద్దమనుషులూ చెబుతారు. రేవు కట్టింది ఇంగ్లీషువాడు. చమురు శుద్ధి కర్మాగారం పెట్టింది అమెరికావాడు. ఎరువుల ఫ్యాక్టరీలోనూ అమెరికా పెట్టుబడి ఉంది. ఖనిజం రైలు కొండలు దిగి వచ్చింది జపాన్ కొంటానంది కనుక. ఉక్కు ఫ్యాక్టరీకి పరిజ్ఞానం ఇచ్చింది రష్యా. ఇప్పుడు డేటా సెంటర్ పెడతానంటున్నది గూగుల్. వీళ్లెవరూ రాకపోయి ఉంటే విశాఖ ఇప్పటికీ ఒక జాలరిపేటే. పెద్ద దేశాలు బలహీన దేశాలను గుప్పిట్లో పెట్టుకుంటాయన్నది ఎర్రజెండాల కాలం నాటి పాత పాట. ఇప్పుడున్నదంతా వ్యాపారం. ఇష్టమైతే సంతకం పెడతాం, లేకుంటే మానుకుంటాం. ఇదీ ఆ వాదన.

ఇందులోని సంగతులు చాలావరకు నిజమే. వాటి మీద ఇచ్చిన తీర్పే తప్పు. ఈ నగరంలో చిమ్నీ ఉన్న ప్రతి చోటా దాని వెనక ఒక ఒప్పందం ఉంది. ఆ ఒప్పందంలో 'కుదరదు' అనే అధికారం ఎవరి దగ్గర ఉందన్నదే అసలు లెక్క. ఆ అధికారం అవతలివాడి దగ్గర ఉన్నన్నాళ్లూ సరుకు మనది, ధర వాడిది. కొట్లాడో, ఇద్దరు బలవంతుల పోటీని వాడుకునో దాన్ని కొంతైనా మన చేతికి తెచ్చుకున్నప్పుడే మనకంటూ ఏదో మిగిలింది. విశాఖ చరిత్ర చెప్పేది ఇదే. సామ్రాజ్యం పోయి వ్యాపారం వచ్చిందన్న కథ ఆ చరిత్రలో ఎక్కడా కనిపించదు.

మొదటి నుంచీ చూద్దాం. 1753లో ఈ ప్రాంతం మొదటిసారి ఒక యూరపు దేశం అధీనంలోకి వెళ్లింది. అప్పుడు ఇక్కడ ఎవరూ యుద్ధం చేయలేదు. హైదరాబాదులో నిజాం సలాబత్ జంగ్ గద్దె కాపాడటానికి ఫ్రెంచి సైన్యం సాయంగా ఉండేది. ఆ సైన్యానికి జీతాలు ఇవ్వలేక ఆయన నాలుగు సర్కార్ల ఆదాయాన్ని ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. వాటిలో చికాకోల్ సర్కారు ఒకటి. అంటే ఇప్పటి ఉత్తరాంధ్ర. ఇక్కడి రైతు కట్టిన శిస్తు హైదరాబాదులో ఫ్రెంచి సిపాయి జీతమైంది. కొన్నేళ్లకే ఫ్రెంచివాళ్లు ఓడి, అవే సర్కార్లు ఇంగ్లీషు కంపెనీకి చేరాయి. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం. కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. ఎవరి భూమి చేతులు మారుతోందో వాళ్లను ఒక్క కాగితమూ అడగలేదు.

తర్వాత పేష్కష్ (కప్పం) పెంచడం, బకాయి చూపించడం, విజయనగరం రాజును సైన్యం తగ్గించుకోమనడం. చివరికి చిన విజయరామరాజును రాజ్యం వదిలి మచిలీపట్నం వెళ్లిపొమ్మన్నారు. ఆయన వెళ్లలేదు. 1794 జూలై 10న విశాఖకు దగ్గరలోని పద్మనాభంలో కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సేన ఆయననూ, ఆయన వెంట నిలిచినవాళ్లనూ చంపింది. ముందు అప్పు, తర్వాత గడువు, చివర తుపాకి. ఈ మూడు మెట్లలో మూడోది ఇప్పుడు చాలాసార్లు అవసరం పడటం లేదు. మొదటి రెండింటితోనే పని జరిగిపోతోంది. అంతమాత్రాన పాత పాట అయిపోయిందని ఎలా అంటాం?

ఇక రేవు సంగతి. 1933 అక్టోబరు 7న విశాఖ రేవులోకి మొదటి ఓడ వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్‌డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. అంతకుముందు దశాబ్దాలుగా ఇక్కడ రేవు కావాలన్న మాట నలుగుతూనే ఉంది. అది కదిలింది ఎప్పుడు? మధ్యపరగణాల మాంగనీసును సముద్రానికి దగ్గరి దారిన దించాల్సి వచ్చినప్పుడు. రాయపూర్ నుంచి విజయనగరానికి లైను వేసిందీ, రేవు పని నడిపించిందీ లండన్‌లో రిజిస్టరైన బెంగాల్ నాగపూర్ రైల్వే. ఉక్కును గట్టిపరిచే ఖనిజం ఇక్కడి నుంచి పోవాలి, ఉక్కు మాత్రం అక్కడ తయారు కావాలి. ఆ లెక్కలో తీరాంధ్ర రైతుకు, నేతగాడికి చోటు లేదు. రైలూ, రేవూ ఖనిజం దారి చూసుకుని వచ్చాయి. ఊరు ఆ దారికి అడ్డం రాలేదు కనుక దానికీ కొంత దక్కింది.

"అయినా రేవు మనకే మిగిలింది కదా?" అంటారు. మిగిలింది. దొంగ కంగారులో నిచ్చెన వదిలేసి పోతే దాన్ని మనం వాడుకుంటాం. అందుకని దొంగ మెడలో దండ వెయ్యం.

ఆ రేవుకు వచ్చిన మొదటి ఓడ పేరు జలదుర్గ. అది సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది, అంటే స్వదేశీ ఓడ. రేవు కట్టిన దొరల చేతిలోనే ఆ కంపెనీ ఎన్ని తిప్పలు పడిందో తెలిస్తే 'స్వేచ్ఛా వాణిజ్యం' అన్న మాట విలువ తెలుస్తుంది. 1919లో మొదలైన సింధియాను ముంచడానికి బ్రిటిష్ ఇండియా కంపెనీ కిరాయిలు అడ్డంగా తగ్గించింది. 1923లో సింధియా రాజీకి రాక తప్పలేదు. పదేళ్లపాటు తీరం వెంబడి సరుకు రవాణాకే పరిమితమవుతానని, విదేశీ మార్గాల జోలికి వెళ్లనని రాసిచ్చింది. మన సముద్రంలో మన ఓడ ఎంత దూరం వెళ్లాలో అవతలి కంపెనీ గీత గీసింది. ఆ గీతకు చట్టం అక్కర్లేదు, పోలీసు అక్కర్లేదు. లోతైన జేబు ఉంటే చాలు.

అదే సింధియా కంపెనీ వాల్‌చంద్ హీరాచంద్ నాయకత్వంలో ఓడలు కట్టే యార్డు పెట్టాలనుకుంది. కలకత్తాలో అనువైన షరతుల మీద చోటు దొరకలేదు. విశాఖకు వచ్చింది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. యుద్ధం నడుస్తోంది, ఓడలు చాలక సామ్రాజ్యం గిలగిల్లాడుతోంది. అయినా వలస ప్రభుత్వం ఈ యార్డుకు చేయి అందించలేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాక యంత్రాలను బొంబాయికి తరలించాల్సి వచ్చింది. యార్డు నుంచి మొదటి పెద్ద ఓడ జల ఉషను 1948 మార్చి 14న నెహ్రూ జలప్రవేశం చేయించారు. అంటే స్వాతంత్ర్యం వచ్చిన ఏడు నెలలకు. తెల్లవాళ్లు పోయాకే ఆ ఓడ నీళ్లను తాకింది. 'బయటివాళ్లే అన్నీ ఇచ్చారు' అనేవాళ్ల జాబితాలో షిప్‌యార్డు పేరు ఎందుకు ఉండదో వేరే చెప్పాలా?

"సరే, అది వలస పాలన. స్వతంత్రులమయ్యాక చేసుకున్న ఒప్పందాలు మన ఇష్టప్రకారమే చేసుకున్నాం కదా" అన్నది రెండో మాట. దీనికి జవాబు విశాఖలోని మల్కాపురంలో ఉంది.

చమురు శుద్ధి కర్మాగారాల కోసం 1951-53 మధ్య భారత ప్రభుత్వం మూడు విదేశీ కంపెనీలతో ఒప్పందాలు చేసుకుంది. బర్మాషెల్, స్టాన్‌వాక్ ట్రాంబేకి వెళ్లాయి. స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ కాలిఫోర్నియా, టెక్సాకో కలిసి నడిపే కాల్టెక్స్ విశాఖకు వచ్చింది. 1957లో రిఫైనరీ పని మొదలుపెట్టింది. ఒప్పందంలో ఏముంది? పాతికేళ్లపాటు జాతీయం చేయబోమన్న హామీ ఉంది. సుంకాల రక్షణ ఉంది. ముడిచమురు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్నది కంపెనీల ఇష్టమన్న షరతు ఉంది. అంటే తల్లి కంపెనీ గల్ఫ్‌లో తవ్వుతుంది, తన ఓడలో తెస్తుంది, తన పిల్ల కంపెనీకి తాను చెప్పిన ధరకు అమ్ముతుంది. కొనేదీ వాళ్లే, అమ్మేదీ వాళ్లే. డబ్బు మాత్రం మన విదేశీ మారక ద్రవ్యం.

1960లో సోవియట్ యూనియన్ ముడిచమురు చవకగా ఇస్తానంది. డాలర్లు అక్కర్లేదు, రూపాయల్లోనే తీసుకుంటానంది. అప్పటి గనుల, చమురు శాఖ మంత్రి కేశవదేవ్ మాలవీయ ఈ నూనెను మీ రిఫైనరీల్లో శుద్ధి చేయమని మూడు కంపెనీలను అడిగారు. చేయబోమన్నాయి. సార్వభౌమ దేశం, సొంత పార్లమెంటు, సొంత సైన్యం. తన నేల మీద ఉన్న రిఫైనరీలో తనకు చవకగా దొరికిన చమురును పోయించలేకపోయింది. గేటు దగ్గర ఏ విదేశీ సైనికుడూ కాపలా లేడు. కాపలా కాసింది ఒప్పందంలోని ఒక్క వాక్యం.

సరిగ్గా అదే వేసవిలో, ప్రపంచానికి ఆ చివర క్యూబాలో ఇదే జరిగింది. సోవియట్ చమురును శుద్ధి చేయబోమని టెక్సాకో, ఎస్సో, షెల్ మొండికేశాయి. క్యూబా ఆ రిఫైనరీలను స్వాధీనం చేసుకుంది. ప్రతీకారంగా అమెరికా క్యూబా చక్కెర కొనుగోలు కోటా కోసేసింది. చమురు విషయంలో మాట వినకపోతే పొలంలో పండే పంట మీద దెబ్బ. ఈ ఒక్క సంగతి పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ పని పడుతుంది.

మనవాళ్లు స్వాధీనం దాకా వెళ్లలేదు. అంతకు ఏడాది ముందే పెట్టుకున్న ఇండియన్ ఆయిల్ ద్వారా సోవియట్ డీజిలు, కిరోసిన్ తెప్పించారు. గువాహతిలో రుమేనియా, బరౌనీ, కోయలీలలో సోవియట్ సాయంతో ప్రభుత్వ రిఫైనరీలు లేపారు. పక్కన పోటీ కనబడగానే విదేశీ కంపెనీలు ముడిచమురు ధర తగ్గించాయి. అంతదాకా తగ్గించడం కుదరదన్న ధర! చివరికి 1976లో కాల్టెక్స్ ప్రభుత్వపరమై, 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. ఏడాదికి ఏడు లక్షల టన్నుల లోపు సామర్థ్యంతో మొదలైన ఆ రిఫైనరీ ఇప్పుడు కోటిన్నర టన్నులకు పెరిగింది. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం కాల్టెక్స్ పోయాకే వచ్చింది. 'అమెరికావాడి రిఫైనరీ' అని చెప్పేవాళ్లు ఈ సగం చెప్పరు.

ఇప్పుడు ఉక్కు దగ్గరికి వద్దాం. 1965, 1966 కరువు సంవత్సరాలు. పీఎల్ 480 అనే ఆహార సాయ చట్టం కింద వచ్చే అమెరికా గోధుమ ఓడల మీద దేశం బతుకుతోంది. విశాఖ రేవులోనూ ఆ గోధుమలు దిగేవి. అధ్యక్షుడు జాన్సన్ ఆ ఓడలను నెలకింత అని లెక్కగట్టి వదిలాడు. వియత్నాం యుద్ధం గురించి ఢిల్లీ ఏం మాట్లాడుతోందన్నది కూడా ఆ లెక్కలో ఉండేది. అదే సమయంలో ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్, అమెరికా కలిసి రూపాయి విలువ తగ్గించమన్నాయి. 1966 జూన్ 6న డాలరుకు 4.76 ఉన్న రూపాయి ఏడున్నరకు పడిపోయింది. విదేశీ ఎరువుల కంపెనీలకు ధర విషయంలో, పంపిణీ విషయంలో స్వేచ్ఛ ఇవ్వాలన్న ఒత్తిడి కూడా అప్పటిదే. విశాఖలో అమెరికా కంపెనీల భాగస్వామ్యంతో కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీ లేచిన నేపథ్యం అది. ఎరువు మనకు అవసరమే. ఆకలిగా ఉన్నవాడి చేత సంతకం పెట్టించుకున్న తీరు గురించే నా మాట.

అదే 1966లో ఉక్కు ఫ్యాక్టరీకి డబ్బు లేదన్నారు. అంతకు ముందు ఏడాదే ఆంగ్లో అమెరికన్ నిపుణుల బృందం దక్షిణాదిలో ఉక్కు కర్మాగారానికి విశాఖే తగిన చోటని తేల్చింది. చోటు మంచిదే, డబ్బు మాత్రం లేదు. అమెరికాలో ప్రభుత్వరంగ ఉక్కుకు అప్పు ఇచ్చేవాళ్లు లేరు. బొకారో విషయంలో 1963లోనే ఆ సంగతి తేలిపోయింది. ప్రైవేటుకు పోటీ వచ్చే ప్రభుత్వ కర్మాగారాలకు సాయం చేయొద్దని అమెరికాలో క్లే కమిటీ చెప్పింది, కాంగ్రెస్ అడ్డం తిరిగింది, నెహ్రూ తన అభ్యర్థన వెనక్కి తీసుకున్నారు. బొకారో చివరికి సోవియట్ సాయంతో లేచింది.

విశాఖకు ఉక్కు ఏ దేశమూ తెచ్చి పెట్టలేదు. తమనంపల్లి అమృతరావు నిరాహారదీక్ష తెచ్చింది. తెన్నేటి విశ్వనాథం లాంటి పెద్దలు, జెండాల తేడా లేకుండా రోడ్డెక్కిన విద్యార్థులు తెచ్చారు. 1966 నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1979 జూన్‌లో సోవియట్‌తో ఒప్పందం జరిగింది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు ఫ్యాక్టరీని జాతికి అంకితం చేశారు. 64 గ్రామాలవాళ్లు ఇళ్లూ పొలాలూ ఇచ్చారు. ఇంత జరిగాక 'రష్యావాడు ఇచ్చిన ఉక్కు' అనడం ఆ 32 మందిని మరోసారి చంపడమే.

సోవియట్ యూనియన్ ధర్మసత్రమేమీ కాదు. బొకారోలో మన దస్తూర్ కంపెనీ తయారుచేసిన నమూనాను పక్కనబెట్టించి తమ డిజైనే నడవాలంది. అదే దస్తూర్ కంపెనీకి విశాఖలో సలహాదారుగా చోటు దొరికింది. పదిహేనేళ్లలో అవతలివాళ్లు మంచివాళ్లైపోలేదు. మన బలం కొంత పెరిగింది, ఆ మేరకు షరతు మారింది. అంతే.

బైలదిల్లా ఖనిజం కథ దీనికి తిరగేసిన బొమ్మ. ప్రపంచంలోనే మేలిరకం ఇనుప ఖనిజం బస్తర్ కొండల్లో ఉంది. జపాన్ ఉక్కు మిల్లులు కొంటామన్నాయి. 1960లో ఒప్పందం. తూర్పు కనుమలను తొలిచి కొత్తవలస-కిరండూల్ లైను వేశాం. విశాఖలో ఖనిజం ఎత్తిపోసే ఏర్పాట్లు చేశాం. లక్ష టన్నుల స్థాయి ఓడలు రావాలని 1976 నాటికి బయటి హార్బరు కట్టాం. జపాన్ మిల్లులన్నీ ఒక్కటై బేరమాడేవి. అమ్మేవాళ్లు మాత్రం ఇండియా ఒకవైపు, ఆస్ట్రేలియా ఒకవైపు, బ్రెజిల్ ఒకవైపు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. కొండ మనది, రైలు మనది, దుమ్ము తాగిన ఊపిరితిత్తులు మనవి. ధర మాత్రం టోక్యోలో నిర్ణయమయ్యేది. 2018 ఏప్రిల్‌లో కూడా జపాన్ మిల్లులకు, కొరియా పోస్కోకు మరో అయిదేళ్లపాటు ఏడాదికి 38 నుంచి 55 లక్షల టన్నులు ఇచ్చే ఒప్పందాలకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అదే విశాఖలోని ఉక్కు ఫ్యాక్టరీకి సొంత ఇనుప గని లేదు. ఖనిజం కొనుక్కోవాలి. కోకింగ్ కోల్ ఆస్ట్రేలియా నుంచి తెచ్చుకోవాలి. ఆ ఖర్చుకు అప్పుల వడ్డీ తోడై నష్టం వస్తే 2021 జనవరి 27న నూరు శాతం అమ్మేద్దామని నిర్ణయించారు. కార్మికులు ఏళ్ల తరబడి శిబిరాల్లో కూర్చున్నాక 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. గని ఇప్పటికీ రాలేదు.

ఇక్కడ అవతలి పక్షం వాళ్లు సంబరంగా ఒక మాట అంటారు: "గని ఇవ్వనిది ఢిల్లీ కదా! జపాన్‌ను, అమెరికాను తిట్టడం దేనికి? తప్పు మనదే." తప్పు మనవాళ్లదీ ఉంది, కాదని ఎవరన్నారు? బుస్సీకి సర్కార్లు రాసిచ్చింది నిజామే. బొబ్బిలి మీదికి ఫ్రెంచి సేనను తోడు తెచ్చుకున్నది పొరుగు రాజే. బయటి పెత్తనం ఎన్నడూ లోపలి సంతకం లేకుండా రాలేదు. సంతకం పెట్టినవాణ్ని నిలదీయాలి. దాంతో సంతకం పెట్టించుకున్నవాడు నిర్దోషి అయిపోడు.

ఇక మూడో మాట, ఇప్పుడంతా మార్కెట్టే, రాజకీయం లేదన్నది. 2025 ఆగస్టు 27 తర్వాత ఈ మాట అనడానికి చాలా ధైర్యం కావాలి. అప్పటికే వేసిన 25 శాతం మీద అమెరికా ఇంకో 25 శాతం సుంకం వేసింది. కారణం దాచుకోలేదు. ఇండియా రష్యా చమురు కొంటోంది కనుక అని ఉత్తర్వులోనే రాసింది. పాత యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు కూడా కలిపితే మన రొయ్య మీద భారం 58 శాతం దాటింది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతిలో విశాఖ దేశంలోనే ముందు వరుస రేవు. కిలోకు ముప్పై, నలభై కౌంటు పెద్ద రొయ్య ఎక్కువగా అమెరికాకే పోతుంది. వాషింగ్టన్‌లో ఉత్తర్వు వచ్చిన రోజుల్లోనే భీమవరం చెరువు గట్టు మీద కౌంటు ధర పడిపోయింది. ఆ రైతు రష్యా నుంచి ఒక్క పీపా కొనలేదు. ఈక్వెడార్ రొయ్యకు ఆ జరిమానా పడలేదు. మనకంటే ఎక్కువగా రష్యా చమురు కొనే చైనా మీదా ఆ జరిమానా వేయలేదు. ఎందుకంటే చైనా తిరిగి కొట్టగలదు. కర్ర ఉన్నవాడిదే బర్రె.

2024లో అప్పటి అమెరికా రాయబారి ఎరిక్ గార్సెట్టి ఏమన్నారో కూడా గుర్తుచేయాలి. ప్రపంచ ధరలు పెరగకుండా ఇండియా రష్యా చమురు కొనాలని తామే కోరుకున్నామని చెప్పారు. నిన్నటి మంచిపని ఇవాళ నేరమైంది. మధ్యలో మారింది అవతలివాడి అవసరం ఒక్కటే. 2019లో ఇరాన్ చమురు మానేయమంటే మానేశాం. 1960లో విశాఖ రిఫైనరీలో రష్యా చమురు పోయనివ్వలేదు. 2025లో రష్యా చమురు కొన్నందుకు విశాఖ రేవు నుంచి పోయే రొయ్యను పట్టుకున్నారు. క్యూబా చక్కెరకు పట్టిన గతే ఇది. సుంకం తర్వాత ఎంత తగ్గినా, ఎప్పుడు ఎత్తేసినా ఈ పద్ధతి మారదు. తగ్గించడం కూడా వాడి చేతిలో ఉండటమే అసలు జబ్బు.

మాట పూర్తి కావాలంటే మన వైపూ చూసుకోవాలి. 2015 సెప్టెంబరు నుంచి అయిదు నెలలు నేపాల్ సరిహద్దులో లారీలు ఆగిపోయాయి. భూకంపం నుంచి తేరుకోని దేశంలో గ్యాసు, పెట్రోలు, మందులు కరువయ్యాయి. దిగ్బంధం మేం పెట్టలేదని ఢిల్లీ అంది. ఖాట్మండులో ఆ మాట నమ్మినవాళ్లు తక్కువ. 2017 నుంచి నేపాల్ కంటైనర్లు విశాఖ రేవులో కూడా దిగుతున్నాయి. నేపాల్‌వాడికి ఈ రేవు ఎలా కనబడుతుందో ఆలోచించండి. పొరుగున శ్రీలంకలో హంబన్‌తోట రేవు 2017లో 99 ఏళ్ల లీజు మీద చైనా కంపెనీకి పోయింది. ఈ పెత్తనానికి తెల్లరంగు, ఎర్రరంగు, కాషాయరంగు అన్న తేడా లేదు. బలం ఉన్న ప్రతివాడూ ఆ పని చేస్తాడు. చైనా చేస్తే ఉచ్చు, అమెరికా చేస్తే పెట్టుబడి, మనం చేస్తే సాయం అనడం ఆత్మవంచన.

ఇప్పుడు ముందున్నది డేటా సెంటర్. 2025 అక్టోబరు 14న గూగుల్ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు విశాఖలో పెడతానని ప్రకటించింది. రానివ్వండి, వద్దనేవాడిని కాను. కానీ ఇల్లు అలకగానే పండగ కాదు. 2025 జూలైలో గుజరాత్‌లోని నయారా రిఫైనరీకి ఏం జరిగింది? అందులో రష్యా కంపెనీకి వాటా ఉందని యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టింది. వెంటనే మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీ ఈమెయిళ్లు, ఇతర సేవలు ఆపేసింది. ఏ భారత చట్టమూ, ఏ భారత కోర్టూ ఆపమనలేదు. డబ్బు కట్టి కొనుక్కున్న సేవ అది. నయారా ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాకే సేవలు తిరిగి వచ్చాయి. 2018 నాటి క్లౌడ్ చట్టం ప్రకారం అమెరికా కంపెనీ దగ్గరున్న సమాచారాన్ని, అది ఏ దేశంలో దాచినా సరే, అమెరికా అధికారులు అడగవచ్చు. సర్వర్లు విశాఖ దగ్గరి తర్లువాడలో ఉంటాయి, కరెంటూ నీళ్లూ మనమే ఇస్తాం. మీట ఎక్కడ ఉంటుంది? 1953లో కాల్టెక్స్ ఒప్పందం గురించి అడగాల్సిన ప్రశ్న ఇదే. అప్పుడు అడగలేదు, 1960లో జవాబు దొరికింది.

అందుకని ఈ నగర ప్రజలు, ముఖ్యంగా ఎమ్మెల్యేలూ ఎంపీలూ, పెట్టుబడి అంకె విని చప్పట్లు కొట్టే ముందు నాలుగు అడగాలి. ఒప్పందం పూర్తి పాఠం శాసనసభ ముందు పెట్టండి. భూమి, నీరు, కరెంటు ఏ ధరకు ఇస్తున్నారో రాయండి. విదేశీ ప్రభుత్వం ఆపమంటే ఇక్కడి సేవ ఆగకూడదని, ఆగితే జరిమానా ఎంతో చెప్పే షరతు చేర్చండి. తగాదా వస్తే విచారణ మన కోర్టులోనే జరగాలని రాయించండి. ఉక్కుకు గని, ఆక్వా రైతుకు ఒకే దేశం మీద ఆధారపడని మార్కెట్టు కూడా ఈ జాబితాలోవే. ఇవి అడిగితే పెట్టుబడి పారిపోతుందని భయపెడతారు. లోతైన రేవు, తీరం, మనుషులు ఉన్న ఊరికి అంత తేలికగా ఎవరూ మొహం చాటెయ్యరు. 1960లో కాల్టెక్స్ కూడా ధర తగ్గించిందే తప్ప పెట్టె సర్దుకుని పోలేదు.

విశాఖకు ఏ పెద్ద దేశమూ ఊరికే ఏదీ ఇవ్వలేదు. ఇచ్చిన ప్రతిదానికీ బిల్లు వేసింది. ఆ బిల్లు చదవకుండా సంతకం పెట్టే నాయకుణ్ని మనం ఇకనైనా ఓటుతో నిలదీయాలి.